అమ్మడూ, ముందు నీ పాదాలెక్కడున్నాయో చూసుకో

గుంటూరు
ఆదివారం పొద్దున

అమ్మడూ,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. నెలరోజులుగా ధ్యానానికి కూర్చుంటున్నాననీ, పది నిమిషాలకే కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయనీ, ఊపిరిని చూడబోతే ఊపిరే ఆడనట్టు అవుతోందనీ చెప్పావు. చివర్లో "నాకిది రాసిపెట్టి లేదేమో మామయ్యా" అన్నావు చూడు, అందుకు రాస్తున్నాను. ఫోన్లో చెబితే నువ్వు వార్డులో ఉండి సగమే వింటావు. నైట్ డ్యూటీ దిగి, పడుకుని లేచాక తీరిగ్గా చదువు.

నువ్వు ఊపిరిని చూడటం లేదు, దిద్దుతున్నావు. అందుకే ఆ ఉక్కిరిబిక్కిరి. నీ తప్పని కాదు, మనకి కళ్లు మూసుకోగానే గుర్తొచ్చేది ప్రాణాయామమే. పీల్చు, బిగబట్టు, వదులు. అది వేరే విద్య. ఎరుకని నిలుపుకోవడం గురించి పాలీ భాషలో ఉన్న బుద్ధుడి బోధ సతిపట్ఠాన సుత్తం. అందులో ఆయన మాట ఇలా ఉంటుంది: "దీఘం వా అస్ససంతో దీఘం అస్ససామీతి పజానాతి." పొడుగ్గా పీలిస్తే పొడుగ్గా పీలుస్తున్నానని తెలుసుకుంటాడు. పొట్టిగా పీలిస్తే పొట్టిగా పీలుస్తున్నానని తెలుసుకుంటాడు. అంతే. పొట్టిదాన్ని పొడుగు చేయమని లేదు. దానికిచ్చిన పోలిక, కొయ్యని తిప్పుతూ చెక్కే తరిమెన పట్టేవాడిది. ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేవాళ్లని తలుచుకో. కొయ్య మీద పొడుగ్గా లాగితే పొడుగ్గా లాగానని ఆ చేతికి తెలుసు, పొట్టిగా లాగితే పొట్టిగా లాగానని తెలుసు. దేహాన్ని నెమ్మదింపజేసుకోవడం కూడా ఆ సుత్తంలో ఉంది, కానీ అది ఈ తెలుసుకోవడం తర్వాతి మెట్టు. నువ్వు మొదటి మెట్టు దాటేసి రెండో మెట్టు మీద కాలేశావు.

కాబట్టి ఓ నెల ఊపిరి జోలికి వెళ్లకు. ఆశ్చర్యపోకు, ఊపిరి ఒక్కటే దారి కాదు. కాయానుపస్సన అని దేహాన్ని చూసే భాగంలో ఊపిరితో పాటు నడక, నిలబడటం, కూర్చోవడం, పడుకోవడం ఉన్నాయి. రోజువారీ పనులు, శరీర భాగాలు, మట్టి, నీరు, నిప్పు, గాలి అనే నాలుగు ధాతువులు ఉన్నాయి. చివర శ్మశానంలో శవం తీరుని తొమ్మిది దశల్లో తలపోయడం ఉంది. లెక్కపెడితే మొత్తం 14. నీకు నప్పేది నడక. పన్నెండు గంటల డ్యూటీలో కారిడార్లో నువ్వెన్నిసార్లు అటూ ఇటూ తిరుగుతావో నాకు తెలీదా!

నాకీ సంగతులు ఎక్కడ అంటుకున్నాయో నీకెప్పుడూ చెప్పలేదనుకుంటా. 2006 జనవరిలో అమరావతిలో కాలచక్ర అనే పెద్ద బౌద్ధ వేడుక జరిగింది, దలైలామా వచ్చారు. బస్సు కండక్టరుగా నాది అప్పుడు గుంటూరు–అమరావతి రూటే. బస్సుల నిండా మెరూన్ బట్టల వాళ్లే. ఒక ముసలి భిక్షువుకి టిక్కెట్టు ఇచ్చాను. ఆయన ఆ కాగితం ముక్కని రెండు వేళ్లతో అందుకుని, ఓ క్షణం ఆగి, చిల్లర మరో చేత్తో తీసుకుని, తర్వాత కమ్మీ పట్టుకున్నాడు. ఒకదాని తర్వాత ఒకటి. నా చేయి రోజుకి వందల టిక్కెట్లు చింపుతుంది, ఒక్కటి చింపినట్టు నాకు గుర్తుండదు. అదే నన్ను కుట్టింది. లాం ఊరు దాటేదాకా ఆయన చేతులే చూస్తున్నాను. ముందు స్టేజీలో ఎక్కినవాళ్లకి టిక్కెట్లు కొట్టడం మర్చిపోయాననుకో, అది వేరే సంగతి.

ఆ తర్వాత ఎవరో చెబితే బర్మాకు చెందిన మహాసీ సయాదో అనే భిక్షువు నేర్పిన పద్ధతి తెలుసుకున్నాను. పాదం లేపడం, జరపడం, పెట్టడం. ఈ మూడింటినీ జరుగుతుండగా గుర్తించాలి. కూర్చున్నప్పుడైతే పొట్ట పొంగడం, అణగడం. మొదట్లో నేను చేసిన తెలివితక్కువ పని చెబుతా, నువ్వు చేయకు. "లేపడం, జరపడం, పెట్టడం" అని లోపల జపం మొదలెట్టాను, స్టేజీల పేర్లు అరిచినట్టు. మాట ఒకచోట, పాదం ఒకచోట. మాట అన్నది గుర్తు కోసం వేసే చిన్న చుక్క. అసలు సంగతి పాదం కింద ఉంది. గచ్చు చల్లదనం, మడమ మీంచి బరువు వేళ్లకి రావడం, చెప్పు పట్టీ ఒరుసుకోవడం. అవి తెలిస్తే మాట లేకపోయినా నష్టం లేదు.

డ్యూటీలో అలా నెమ్మదిగా నడవకు. పేషెంటు పిలుస్తుంటే "జరపడం" అనుకుంటూ నిలబడ్డ నర్సుని ఎవరూ మెచ్చుకోరు. మామూలు వేగంతోనే నడువు, పాదాలు నేల తాకుతున్నాయని మాత్రం తెలియనీ. ఇంటి దగ్గర పది పదిహేను అడుగుల వరండా చాలు, పావుగంట నెమ్మదిగా చెయ్యి. ఇంకొకటి, నువ్వు రోజుకెన్నిసార్లు చేతులు కడుక్కుంటావు? ఆ ప్రతిసారీ నీకు దొరికిన సమయమే. నీళ్ల చల్లదనం, సబ్బు జారడం, వేళ్ల సందుల్లో రాపిడి. సుత్తంలో తినడం, తాగడం, నమలడం, బట్ట కట్టుకోవడం, ఆఖరికి మలమూత్రాలకి వెళ్లడం కూడా ఎరుకతో చేయమనే ఉంది. దేన్నీ వదిలిపెట్టలేదు మహానుభావుడు.

ఈ సుత్తం చెప్పింది కురుదేశంలో, కమ్మాసదమ్మమనే ఊళ్లో. అక్కడి జనం గురించి అట్ఠకథలో, అంటే సుత్తానికి రాసిన పాత వ్యాఖ్యానంలో, ఓ ముచ్చట ఉంది. నీళ్ల రేవుల్లో, నూలు వడికే చోట్ల ఆడవాళ్లు ఒకరినొకరు "నువ్వు ఏ సతిపట్ఠానం చేస్తున్నావమ్మా?" అని అడిగేవాళ్లట. ఏదీ చేయడం లేదంటే గట్టిగా మందలించేవాళ్లట. నాకీ ముచ్చటంటే ఇష్టం, ఎందుకంటే ఇది అడవికి పోయినవాళ్ల వ్యవహారమే కాదనీ, కడవలు మోసేవాళ్లదీ అనీ చెబుతుంది.

సందట్లో కుదరదు అంటావేమో. ఇంకో సుత్తంలో బుద్ధుడు చెప్పిన పోలిక విను. దేశంలోకెల్లా అందగత్తె ఆడుతోంది, పాడుతోంది. చూడ్డానికి జనం విరగబడ్డారు. ఒకడి చేతిలో అంచుల దాకా నూనె నింపిన గిన్నె పెట్టి, ఆ జనానికీ అందగత్తెకీ మధ్య నుంచి నడిచి వెళ్లమన్నారు. వెనకే కత్తి దూసినవాడు. చుక్క ఒలికితే తల తెగుతుంది. వాడు అటూ ఇటూ చూస్తాడా? ఆ నూనెగిన్నె కాయగతాసతి, దేహం మీద ఎరుక. పండగ సీజన్లో నిండిన బస్సులో డబ్బుల సంచీ చంకలో పెట్టుకుని, ఏ కమ్మీ పట్టుకోకుండా, కాళ్లని బట్టి మలుపులు తెలుసుకుంటూ వెనక నుంచి ముందుకు వెళ్లినవాణ్ణి నేను. ఆ పోలిక నాకెవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది.

ఇక కాళ్ల సంగతి. పద్మాసనం వద్దు. నేను బింకానికి పోయి మూడు నెలలు మఠం వేసుకుని మోకాలు పాడు చేసుకున్నాను, ఇప్పటికీ మెట్లెక్కేటప్పుడు గుర్తుచేస్తుంది. కుర్చీలో కూర్చో, పాదాలు రెండూ నేలకి ఆనించు, నడుము నిలబెట్టు. తిమ్మిరి వస్తే వెంటనే కదలకు, అలాగని పళ్లు బిగించి ఓర్చుకోకు. జివజివమంటోందా, బరువా, వేడా, ఎంత మేర ఉంది, ఓ నిమిషం చూడు. తర్వాత కదలాలనిపిస్తోందని గుర్తించి, కదులుతూ ఆ కదలికని తెలుసుకో. అదీ సాధనే. పొడిచినట్టుండే నొప్పి, లేచాక కూడా తగ్గని నొప్పి అయితే డాక్టరుకి చూపించు, నీ పక్కనే ఉన్నారుగా.

పడుకున్నప్పుడు చేసేది కూడా వదలకు. పగటిపూట నిద్ర పట్టదంటావు కదా, వెల్లకిలా పడుకుని తల వెనక భాగం, భుజాలు, పిరుదులు, మడమలు పరుపుని ఎక్కడ తాకుతున్నాయో ఒక్కొక్కటీ తెలుసుకో. నిద్రొస్తే నిద్రపో. ఉపవాసం చెడినట్టు బాధపడకు.

ఒక హెచ్చరిక. వెంట్రుకలు, గోళ్లు, పళ్లు, చర్మం, మాంసం, నరాలు అంటూ 31 భాగాలని తలపోసే సాధన ఉంది. శవాన్ని తలపోసేదీ ఉంది. నువ్వు రోజూ చీము, నెత్తురు చూసేదానివి, పోయిన నెలలో ముగ్గురు పేషెంట్లు పోయారని ఏడ్చినదానివి. ఇప్పుడు వాటి జోలికి వెళ్లొద్దు. బుద్ధుడి కాలంలోనే వైశాలిలో కొందరు భిక్షువులు అశుభ భావన, అంటే దేహంలో రోత పుట్టించేవాటిని తలపోయడం, చేసి చేసి దేహమంటేనే రోత పుట్టి ప్రాణాలు తీసుకున్నారు. పక్షం రోజుల ఏకాంతం నుంచి తిరిగొచ్చిన బుద్ధుడు, సంఘం పలచబడిందేమని ఆనందుణ్ణి అడిగాడు. తర్వాత వాళ్లకి నేర్పింది ఊపిరి మీద ఎరుక. ఆ సాధన చెడ్డదని కాదు, ఎవరికి ఎప్పుడో చూసుకోవాలి. నీకు మనసు మరీ కుంగినట్టుంటే సాధన ఆపి నాకు ఫోన్ చెయ్యి, డాక్టరుతో మాట్లాడు. గుండెదడ వస్తే కళ్లు తెరిచి పాదాల దగ్గరికి రా, గచ్చుని తాకుతున్న చోటికి.

పదిరోజుల శిబిరానికి వెళ్లనా అని అడిగావు. హైదరాబాద్ దగ్గర నాగార్జునసాగర్ రోడ్డులో ధమ్మఖేత్త అనే ధ్యానకేంద్రం ఉంది, విపశ్యన నేర్పిన గోయెంకా గారి పద్ధతి. ఫీజు ఉండదు. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు, ఫోన్ తీసుకుంటారు, పది రోజుల్లో చాలామటుకు మౌనం. మొదటి మూడు రోజులూ ఊపిరే, ముక్కు దగ్గర. నీ గొడవ ఆ ఊపిరితోనే కాబట్టి ఇప్పుడే పరుగెత్తకు. రెండు మూడు నెలలు నడక, చేతులు కడుక్కోవడం చూశాక, సెలవు దొరికినప్పుడు వెళ్లు. వెళితే వాళ్లు చెప్పినట్టే చెయ్యి, అక్కడ కూర్చుని నేను చెప్పింది కలపకు. రెండు పడవల మీద కాళ్లు పెడితే ఏ ఒడ్డుకీ చేరవు. నేనూ కొన్నాళ్లు అలాగే అఘోరించాను.

సంక్రాంతికి వస్తావుగా. అమరావతిలో పాత బౌద్ధ స్తూపం, మహాచైత్యం దగ్గరికి తీసుకెళతాను. మిగిలింది గుండ్రటి దిబ్బ, కొన్ని పలకలు. మంచి శిల్పాల్లో చాలామటుకు మద్రాసుకీ లండన్‌కీ పోయాయి. అయినా చుట్టూ తిరగడానికి చోటుంది, చెప్పులు విడిచి తిరుగుదాం. పొద్దున్నే వెళ్లాలి, ఎండెక్కితే రాళ్లు కాలతాయి. అత్తయ్య నీకోసం గోంగూర పచ్చడి జాడీలో ఎత్తిపెట్టింది, వచ్చేటప్పుడు ఖాళీ సీసా తెచ్చుకో.

మీ మామయ్య