మండీ యజమానిని నువ్వు తిట్టొద్దు

తిరుపతి

నాయనా,

నీ కథ చదివాను. దామలచెరువు మామిడి మండీని బాగా పట్టుకున్నావు. కానీ మూడో పేజీలో మండీ యజమానిని 'సార్డిడ్ మనిషి' అన్నావే, అక్కడ నాకు ఒళ్లు మండింది. పేజీ తిప్పితే మళ్లీ 'నీచుడు'!

ఇంగ్లీషులో నీచమైన అనే అర్థంలో వాడే సార్డిడ్ లాటిన్ నుంచి వచ్చిన మాట, మూలంలో మురికి అని అర్థం. అదే అర్థంలో వాడే ఇంకో ఇంగ్లీషు మాట వైల్ అంటే మొదట్లో చవకైనది. విలన్ అంటే దొర పొలంలో పనిచేసే పల్లెటూరి మనిషి. కలిగినవాళ్లు లేనివాడి బట్టల్నీ బతుకునీ చూసి అన్న మాటలే తర్వాత తిట్లయ్యాయి. మన నీచం కూడా కింద ఉన్నదనే కదా. జాతకంలో శని మేషంలో నీచ అంటే బలం తగ్గాడని, పాపం చేశాడని కాదు. ఊళ్లో ఈ మాట ఎవరి మీద పడేదో మీ తాతనడుగు. నీ కథలో ఒంటినిండా మట్టీ మామిడి సొనా ఉన్నది రైతుకి. యజమానిది మల్లెపూవులాంటి పంచె. ఇక ఆ మాట ఎవరికి తగులుతుంది?

నేనూ ఒకప్పుడు ఇలాంటి కథే రాశాను. కొడుకు తల్లిని అలిపిరి దగ్గర చెట్టు కింద కూర్చోబెట్టి, ఇడ్లీ పొట్లం చేతిలో పెట్టి, 'ఇక్కడే ఉండుమా, ఇప్పుడే వస్తా' అంటాడు. పోతూ పోతూ ఆమె సంచిలోంచి ఊరి అడ్రసు రాసిన కాగితం తీసి జేబులో వేసుకుంటాడు. అక్కడితో ఆపేశాను. ఒక వారపత్రిక ఎడిటర్ దాని కింద 'ఆ నీచుడు వెనక్కి తిరిగి చూడలేదు' అని తన వాక్యం తగిలించి అచ్చేశాడు. పాఠకుడికి అర్థం కాదేమోనని ఆయన టెన్షన్! చదివేవాడి కడుపులో పుట్టాల్సిన మాటను ముందే అనేశాడు. ఆ కోపం నాకింకా పోలేదు. ఈమధ్య కథల్లోనూ పాత్ర గడప తొక్కకముందే తీర్పు వచ్చేస్తోంది.

అలాంటి కాగితం నీ కథలోనూ ఉంది, నువ్వే చూసుకోలేదు. సూట్ పేరుతో తూకంలో కోత కోశాక, యజమాని ఆ కాయల్లోంచే రెండు తీసి రైతు కూతురికిచ్చి 'తినమ్మా' అంటాడు. రైతు దండం పెడతాడు. ఇంత గొప్ప ఘట్టాన్ని ఒక్క ముక్కలో తేల్చేసి తిట్టుకు పరిగెత్తావు. అక్కడ నిలబడు. ఆ పిల్ల కాయలు తీసుకుందా, నాన్న మొహం చూసిందా? రైతు లెక్క తెలిసే దండం పెట్టాడా?

ఏ పత్రికకు పంపాలో తర్వాత చూద్దాం. ముందు ఆ పేజీ ఒక్కటీ తిరగరాసి పంపు, మిగతాది కదపొద్దు.

ఆశీస్సులతో.