డ్రమ్ అండ్ బాస్‌కి మషీన్ కొనాలా? కొనండి, కానీ దానితో వచ్చే శబ్దాల కోసం కాదు

ల్యాప్‌టాప్, సాఫ్ట్‌వేర్ ఇప్పటికే ఉన్నాయి, డ్రమ్ అండ్ బాస్ అనే వేగమైన ఎలక్ట్రానిక్ సంగీతం చేయడానికి నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి మషీన్ లాంటి ప్యాడ్ల శాంప్లర్ (శబ్దాలను రికార్డు చేసి, కోసి, ప్యాడ్ల మీద వాయించే పరికరం) కొంటే నిజంగా తేడా ఉంటుందా, లేక డబ్బు దండగా అని అడిగారు. తేడా ఉంటుంది. అయితే ఆ తేడా దానితో ఉచితంగా ఇచ్చే వేల శబ్దాల్లో లేదు, ఆ పదహారు రబ్బరు ప్యాడ్లలో ఉంది. మౌస్‌తో గీసిన దరువు వినగానే నాకు తెలిసిపోతుంది. కొన్నాళ్లు చెవి పెట్టి వింటే మీకూ తెలిసిపోతుంది.

నేను ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఉంటాను. పగలు ఉద్యోగం, రాత్రి ఈ పని. ఈ ఊళ్లో డ్రమ్ అండ్ బాస్ అంటే ఎక్కడో పుట్టిన వింత సంగీతం కాదు, ఇంటి పక్క వ్యవహారం. ఈ సంగీతంలో పేరున్న రోనీ సైజ్ ఈ ఊరివాడే. ఆయన రెప్రజెంట్ బృందం 1997లో బ్రిటన్‌లో ఏటా ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతి గెలిచింది. ఇక్కడ మా ఆఫీసులో నెరిసిన జుట్టు మనుషులు కూడా టీ తాగుతూ ఏ పాటలో ఏ బ్రేక్ (పాత పాటలోంచి తీసిన, డ్రమ్ ఒక్కటే మోగే ముక్క) వాడారో వాదించుకుంటారు. వాళ్ల మధ్య మెలగడం వల్ల నాకూ కొన్ని గట్టి అభిప్రాయాలు ఏర్పడ్డాయి.

మొన్న శీతాకాలంలో మా అక్క కొడుకు కార్డిఫ్ నుంచి వచ్చాడు. అక్కడ ఎంఎస్ చదువుతున్నాడు. భోజనం కాగానే ల్యాప్‌టాప్ తీసి తను చేసిన ట్రాక్ వినిపించాడు. వేగం నిమిషానికి 174 దరువులు. ఒక బార్‌కు, అంటే నాలుగు దరువులకు, పదహారు గడుల వరస. అందులో ఒకటి, పదకొండు మీద కిక్, అంటే కాలితో మోగించే పెద్ద డ్రమ్. అయిదు, పదమూడు మీద స్నేర్, అంటే చురుగ్గా పగిలే చిన్న డ్రమ్. పుస్తకంలో రాసినట్టే ఉంది. జంట తాళాల హై-హ్యాట్ అయితే మొదటి నుంచి చివరి దాకా ఒకే గట్టితనంతో పడుతోంది.

“అన్నీ సరిగ్గానే ఉన్నాయి కదా మామయ్యా, మరి ఎందుకు కదలడం లేదు?” అన్నాడు.

“కిక్, స్నేర్ రెండూ మ్యూట్ చేయరా. ఏం మిగిలిందో విను,” అన్నాను.

మిగిలింది గోడ గడియారం టిక్కుటిక్కుమన్నట్టు ఒక హ్యాట్. అంతే. ఈ సంగీతానికి ప్రాణం కిక్‌లోనో స్నేర్‌లోనో ఉందని చాలామంది అనుకుంటారు. అవి స్తంభాలు మాత్రమే. జనాన్ని కదిలించేది ఆ రెండింటి మధ్య డ్రమ్మరు ఎడమ చేయి స్నేర్ మీద వినీ వినిపించకుండా వేసే చిన్న దెబ్బలు. వాటిని గోస్ట్ నోట్స్ అంటారు. అవి లేకపోతే 174 వేగం కూడా నీరసంగానే వినిపిస్తుంది.

మాటలతో చెబితే వాడికి ఎక్కదు. అందుకని మషీన్ ఆన్ చేసి, అందరికీ మూలమైన బ్రేక్‌నే తెరిచాను. 1969లో ద విన్‌స్టన్స్ బృందం ‘ఆమెన్, బ్రదర్’ పాటలో గ్రెగరీ కోల్‌మన్ ఒంటరిగా వాయించిన నాలుగు బార్ల డ్రమ్. మొత్తం ఏడు సెకన్ల ముక్క. జంగిల్ అనే సంగీతం, దాని నుంచి డ్రమ్ అండ్ బాస్ దాదాపుగా ఈ ఏడు సెకన్లను కోసి, తిప్పి, మళ్లీ కుట్టడంలోంచే పుట్టాయి. మొదటి రెండు బార్లు మామూలుగానే సాగుతాయి. మూడో బార్‌లో ఆయన ఒక స్నేర్‌ను కాస్త ఆలస్యం చేస్తాడు. నాలుగో దాంట్లో మొదటి దెబ్బ వేయాల్సిన చోటు ఖాళీగా వదిలేసి, క్రాష్ తాళాన్ని వేళకు ముందే మోగిస్తాడు. ఏ యంత్రమూ తనంతట తాను ఈ నిర్ణయాలు తీసుకోదు.

మషీన్‌లో శాంపిల్ పేజీకి వెళ్లి స్లైస్ నొక్కితే, దెబ్బలు ఎక్కడెక్కడ ఉన్నాయో అదే కనిపెట్టి ముక్కలు చేస్తుంది. డిటెక్ట్ అనే పద్ధతి అది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. అది గట్టి దెబ్బలను బాగానే పట్టుకుంటుంది, మెత్తటి దెబ్బలను మాత్రం ముందున్న గట్టి దెబ్బకు తోకలా అంటించేస్తుంది. సరిగ్గా మనకు కావలసినవే పోతాయి. అందుకే నేను చేత్తో కోస్తాను. తెర మీద అలను పెద్దది చేసి, నాబ్ తిప్పుతూ గీతను మెల్లగా జరిపాను. రెండు పెద్ద శిఖరాల మధ్య చిన్న గుట్ట ఒకటి కనిపించింది.

“అది దెబ్బేం కాదు మామయ్యా, ఏదో రొద,” అన్నాడు.

దాన్ని విడిగా ఒక ప్యాడ్ మీద వేసి కొట్టమన్నాను. కొట్టాడు. స్నేర్ చర్మం మీద కర్ర ఇలా ఆని అలా లేచిన శబ్దం. వెనకాల రైడ్ అనే పెద్ద తాళం గింగురు, అప్పటి గదిలోని గాలి కూడా అందులో ఉన్నాయి. మళ్లీ కొట్టాడు. మళ్లీ. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

అప్పుడు ముక్కలన్నిటినీ ఒకే చోక్ గ్రూపులో పెట్టాను, అంటే ఒక ముక్క మోగగానే ముందుది ఆగిపోతుంది. అసలు డ్రమ్మరు చేతులు రెండే కాబట్టి, ఇలా పెడితేనే ముక్కలు కలిసి ఒకే మనిషి వాయించినట్టు ఉంటాయి. వేగం 110కి దించాను. 174 దగ్గర ఒక్కో పదహారో వంతు దెబ్బకు దాదాపు 86 మిల్లీసెకన్లే దొరుకుతాయి. కొత్త చేతులకు అది సాధ్యం కాదు. నెమ్మదిగా రికార్డు చేసి తర్వాత వేగం పెంచడంలో తప్పేమీ లేదు.

వాడు అన్ని దెబ్బలూ ఒకేలా కొడుతున్నాడు. చూస్తే ఫిక్స్‌డ్ వెలాసిటీ బటన్ వెలుగుతోంది. అది ఆన్‌లో ఉంటే ఎంత మెత్తగా కొట్టినా ఒకే గట్టితనం వస్తుంది. నిండుగా వినిపిస్తుందని తనే నొక్కాడట. దాన్ని ఆర్పేసి, గోస్ట్ నోట్ ఉన్న ప్యాడ్ మీద ఎడమ చేతి ఉంగరపు వేలు పెట్టమన్నాను. చూపుడు వేలు కాదు, ఉంగరపు వేలే. మనిషి వేళ్లలో అది విడిగా కదపడం కష్టమైనది, దానితో గట్టిగా కొడదామన్నా పడదు. పెద్ద స్నేర్ కుడి చేతి చూపుడు వేలికి, కిక్ బొటనవేలికి. తెర మీద గట్టితనం అంకెలు చూశాం. స్నేర్ 127కి 115 దరిదాపుల్లో పడుతోంది, గోస్ట్ 35, 42, 30 అలా మారుతోంది. ఏ రెండూ ఒకటి కావు. మౌస్‌తో ఆ అంకెలు వేయవచ్చు కదా అంటారు. వేయవచ్చు, కానీ ఎవరూ వేయరు. వేసినా అన్నీ 40 పెడతారు.

సగం క్వాంటైజ్ మాత్రం చేశాను, అంటే దెబ్బలను వేళ గీత వైపు సగం దూరం జరిపాను. పూర్తిగా చేస్తే గీతకు అతుక్కుపోతుంది, అసలు చేయకపోతే కొత్తవాడి చేతిలో తడబడుతుంది. వేగం మళ్లీ 174కి పెంచి ప్లే నొక్కాను. వంటింట్లో గిన్నెలు సర్దుతున్న మా ఆవిడ వచ్చి తలుపు దగ్గర నిలబడి “ఇది ఇందాకటిది కాదు కదా?” అంది. ఆమెకు ఈ సంగీతం మీద ప్రత్యేకమైన ఇష్టమేమీ లేదు. తేడా తెలియడానికి ఇష్టం అక్కర్లేదు.

ఇంకో మాట. బ్రేక్ వేగం పెంచేటప్పుడు టైమ్ స్ట్రెచ్ (శ్రుతి మారకుండా వేగం మాత్రమే మార్చడం) చేయకండి, పిచ్‌తో, అంటే శ్రుతితో పాటే పెంచండి. ఆమెన్ అసలు వేగం సుమారు 137. నాలుగు సెమీటోన్లు (పియానో మీద పక్కపక్క మీటల దూరాలు) పైకి తీస్తే దాదాపు 172 దగ్గరికి వస్తుంది. స్నేర్ సన్నబడి, చురుక్కుమనే ఆ పాత జంగిల్ ధ్వని అలా వచ్చిందే. స్ట్రెచ్ చేస్తే దెబ్బ మొదలు చెదిరిపోతుంది. అది కావాలని కోరుకునే సందర్భాలు వేరు.

ఇక శాంపిల్ ప్యాకుల గురించి చెప్పకుండా ఉండలేను. ప్రతి వారం కొత్త ప్యాకు కొంటారు. లక్ష శబ్దాలు డిస్కులో పెట్టుకుని రాత్రంతా స్నేర్లు వింటూ కూర్చుంటారు. 1988లో వచ్చిన ఆకాయ్ ఎస్950 శాంప్లరు పన్నెండు బిట్లది, మామూలుగా దాని మెమరీ 750 కిలోబైట్లు. మీ ఫోనులో ఒక్క ఫొటో అంతకంటే పెద్దది. అలాంటి పెట్టెలతోనే ఒక తరం మొత్తం కొత్త సంగీతాన్ని నిలబెట్టింది. చోటు లేదు కాబట్టి ఉన్న ఒక్క బ్రేక్‌నే పిండి పిండి అన్ని రూపాలూ తీశారు. మషీన్ శాంప్లరులోనూ ఎంపీసీ60, ఎస్‌పీ1200 అనే పాత శాంప్లర్ల తరహా గరుకుదనం ఇచ్చే పాతకాలపు ఎంపిక ఉంది. అది తిప్పి చూడండి, పది ప్లగిన్లు (అదనపు సాఫ్ట్‌వేర్ ముక్కలు) వాడటం కంటే మేలు.

“మన తబలా కలపండి, వెరైటీగా ఉంటుంది” అనే సలహా కూడా నాకు తరచూ వస్తుంది. బ్రిటన్ తబలా కళాకారుడు తల్విన్ సింగ్ తబలా కలిపాడు, 1999లో మెర్క్యురీ కూడా గెలిచాడు. ఆయన చేతులు తబలా మీద ఏళ్లు గడిపినవి. 1990ల మధ్యలో లండన్ బ్లూ నోట్ క్లబ్బులో డ్రమ్ అండ్ బాస్ కళాకారుడు గోల్డీ వాళ్ల మెటల్‌హెడ్జ్ రాత్రులు జరిగిన చోటే ఆయన అనోఖా రాత్రులూ నడిచాయి. రెండు సంగీతాలూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నాయి. ప్యాకులోంచి తబలా లూప్ లాగి పైన పడేయడం ఆ పని కాదు. మీకు డప్పు వాయించడం వచ్చా, మైకు పెట్టి మీరే వాయించి కోయండి, సంతోషంగా వింటాను.

కోల్‌మన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆ ఏడు సెకన్ల మీద ఎన్ని వేల రికార్డులు అమ్ముడయ్యాయో, ఆయనకు మాత్రం దాని నుంచి రాయల్టీ ఏమీ అందలేదు. 2006లో ఇల్లు కూడా లేని స్థితిలో చనిపోయాడు. 2015లో అభిమానులు చందాలు వేసుకుని దాదాపు 24,000 పౌండ్లు ఆ బృందం నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు ఇచ్చారు. అప్పటికి కోల్‌మన్ లేడు. అందుకే మా ఇంట్లో ఆ బ్రేక్ కోసేవారు ఎవరైనా ముందు ఆయన పేరు వినాల్సిందే. మా మేనల్లుడూ విన్నాడు. మీరు విడుదల చేసే ట్రాకులో వాడాలంటే హక్కుల సంగతి చూసుకోండి, లేదా తెలిసిన డ్రమ్మరును పిలిచి, డబ్బిచ్చి, కొత్త బ్రేక్ వాయించుకోండి. రెండోదే నాకు ఇష్టం.

బాస్ గురించి క్లుప్తంగా. ఈ సంగీతంలో ఎక్కువగా వినిపించే రీస్ బాస్ అంటే కాస్త అటూ ఇటూ శ్రుతి తప్పించిన రెండు రంపపు తరంగాలు (రంపం పళ్ల ఆకారంలో ఉండే గరుకు ధ్వని) కలిసి ఉరమడం. 1988లో డెట్రాయిట్‌కు చెందిన కెవిన్ సాండర్‌సన్ రీస్ పేరుతో చేసిన రికార్డు నుంచి ఆ పేరు వచ్చింది. సింథులో (ధ్వనులు పుట్టించే వాద్యం లేదా సాఫ్ట్‌వేర్) ఒక పొడుగాటి స్వరం చేసి, దాన్ని మషీన్‌లోకే మళ్లీ శాంపిల్ చేసి, ప్యాడ్ల మీద వాయించండి. వంద హెర్ట్జ్ కింద ఉన్నదంతా విడదీసి శుభ్రమైన, నునుపైన సైన్ తరంగంగా, మోనోలో (రెండు స్పీకర్లలోనూ ఒకేలా) ఉంచండి. మురికి అంతా పైభాగంలోనే. ఆ లోతులో జి స్వరం 49 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అది ఫోను స్పీకరులో వినిపించదు. ఫోనులో విని “బాస్ లేదు” అనేవారికి నేను జవాబు ఇవ్వడం మానేశాను. డ్రమ్ 174లో పరిగెత్తుతుంటే బాస్ 87లో నడవాలి. రెండూ పరిగెత్తితే శ్రోతకు నిలబడే చోటు ఉండదు.

ఏది కొనాలంటే, 2017లో వచ్చిన మషీన్ ఎంకే3 చాలు. రంగుల తెరలు రెండున్నాయి, ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకు, స్పీకర్లు కలిపే భాగం) లోపలే ఉంది. మషీన్ మైక్రో అనే చిన్నది చవకే, కానీ దానికి ఆ పెద్ద తెరలు లేవు కాబట్టి కోత పనికి మళ్లీ మానిటర్ వైపే చూడాలి. 2020లో వచ్చిన మషీన్ ప్లస్ కంప్యూటర్ లేకుండా నడుస్తుంది, మీ దగ్గర ల్యాప్‌టాప్ ఉంది కాబట్టి ఆ ఖర్చు అక్కర్లేదు. వాడినదే కొనండి. కొనే ముందు అమ్మేవారి ఇంటికే వెళ్లి, ఒక హై-హ్యాట్‌ను పదహారు ప్యాడ్ల మీదా పెట్టించి, ఒక్కో దాన్నీ ఉంగరపు వేలితో మెత్తగా తాకి చూడండి. పైన కుడి మూలవి, కిందవి ఒకేలా పలకాలి. ఏదైనా గట్టిగా కొడితేనే పలుకుతుంటే బేరం వదిలేయండి. సాఫ్ట్‌వేర్ లైసెన్సు మీ పేరు మీదికి మార్చి ఇస్తారని రాతపూర్వకంగా తీసుకున్నాకే డబ్బు చేతిలో పెట్టండి.