కాల్షియం ఎక్కువ ఉందంటే ఎముకలు గట్టిగా ఉన్నాయని కాదు

ఒళ్లు నొప్పులని మీ అమ్మగారికి రక్తపరీక్ష చేయిస్తే కాల్షియం 10.8 వచ్చిందని, "ఎక్కువుంటే మంచిదేగా, ఎముకలు గట్టిగా ఉన్నట్టు" అని ఇంట్లో అంటున్నారని, పట్టించుకోవాలా వద్దా అని అడిగారు. పట్టించుకోండి. సరిగ్గా ఇదే మాట అనుకుని మేం మా అమ్మ విషయంలో మూడేళ్లు పోగొట్టాం.

అమ్మకి ఎప్పుడూ నీరసంగా ఉండేది. తెగ దాహం, రాత్రి నాలుగైదుసార్లు బాత్రూమ్‌కి లేవడం, మలబద్ధకం. మధ్యలో ఒకసారి కిడ్నీలో రాయి కూడా తీయించాం. షుగరేమో అని చూపిస్తే లేదన్నారు, ఇక వయసు మీదకి నెట్టేశాం. పైగా మోకాళ్ల నొప్పులకని కాల్షియం మాత్రలు నడుస్తూనే ఉన్నాయి. చివరికి ఒక ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) పాత ఫైలంతా తిరగేసి, మూడేళ్ల రిపోర్టులు బల్ల మీద వరసగా పరిచారు. 10.6, 10.9, 11.2. మూడింటి కిందా పెన్నుతో గీత గీసి, "ఇది ఎందుకు పెరుగుతోందని ఎవరూ అడగలేదా?" అన్నారు. ఆ మూడు కాగితాలూ తెచ్చి ఫైల్లో పెట్టింది నేనే.

ఒంట్లో ఉన్న కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. రక్తంలో తిరిగేది పిసరంత. గుండె కొట్టుకోవడానికీ, కండరాలకీ, నరాలకీ ఆ పిసరే ఆధారం కాబట్టి శరీరం దాన్ని డెసీలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య పట్టి ఉంచుతుంది (ల్యాబ్‌ని బట్టి కాస్త అటూ ఇటూ). అది తగ్గితే మెడలో థైరాయిడ్ వెనక ఉండే నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు పీటీహెచ్ అనే హార్మోను వదిలి, ఎముకల్లోంచి కాల్షియం లాగి రక్తంలోకి తెస్తాయి. అంటే ఎముకలు గుల్లవుతున్నా రక్తంలో అంకె నిక్షేపంలా కనిపించొచ్చు. ఎముకల బలం తెలియాలంటే చేయించాల్సింది డెక్సా స్కాన్.

మీరు మొదట చేయాల్సింది పరీక్ష మళ్లీ చేయించడం. రక్తం తీసేటప్పుడు చేతికి కట్టిన పట్టీ ఎక్కువసేపు బిగించి ఉంచినా, ఒంట్లో నీరు తగ్గినా కాల్షియం కాస్త ఎక్కువ చూపిస్తుంది. ఈసారి ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీన్ కూడా చూడమనండి. రక్తంలో కాల్షియం దాదాపు సగం ప్రోటీన్లకి, ముఖ్యంగా ఆల్బుమిన్‌కి అంటుకుని ఉంటుంది. అందుకే ఆల్బుమిన్ 4 గ్రాముల కంటే తగ్గితే, తగ్గిన ఒక్కో గ్రాముకి 0.8 చొప్పున కలిపి చూస్తారు. కాల్షియం 8, ఆల్బుమిన్ 2.5 ఉంటే అసలు లెక్క 9.2 అన్నమాట, భయపడాల్సింది లేదు. ఇంకా అనుమానముంటే దేనికీ అంటుకోకుండా విడిగా తిరిగే కాల్షియాన్ని (అయోనైజ్డ్ కాల్షియం) నేరుగా కొలుస్తారు.

రెండోసారీ ఎక్కువే వస్తే పీటీహెచ్ పరీక్ష తప్పదు. నేను నొక్కి చెప్పేది ఇదే. కాల్షియం పెరిగినప్పుడు పీటీహెచ్ అణిగిపోవాలి. అణగకపోతే, రిపోర్టులో నార్మల్ అని ఉన్నా సరే, అనుమానం ఆ గ్రంథుల మీదకే పోవాలి. మా అమ్మకి అలాగే తేలింది. నాలుగింటిలో ఒకటి చింతగింజంత పెరిగింది. క్యాన్సర్ కాదు. పీటీహెచ్ బాగా అణిగి ఉండి కాల్షియం ఎక్కువుంటే కారణం వేరేచోట వెతుకుతారు: విటమిన్ డి మోతాదు మించడం, కొన్ని రకాల క్యాన్సర్లు. బీపీకి వాడే థయజైడ్ మాత్రలు, మానసిక సమస్యలకి వాడే లిథియం కూడా కాల్షియాన్ని పెంచుతాయి.

అమ్మకి ఆపరేషన్ చేసి ఆ గ్రంథి తీసేశారు. అందరికీ అవసరపడదు. రాళ్లు, ఎముకలు పలచబడటం ఉన్నాయి కాబట్టి ఆమెకి చేశారు. "పెదాల చుట్టూ చిమచిమలాడితే వెంటనే పిలవండి" అని నర్సు ముందే చెప్పి ఉంచింది. రెండో రోజు తెల్లవారుజామున అమ్మ నా చెయ్యి పట్టుకుని, మూతి మీద చీమలు పాకుతున్నట్టుంది, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి అంది. కాల్షియం 7.6కి పడిపోయింది. ఇన్నాళ్లూ కాల్షియం పోగొట్టుకున్న ఎముకలు ఒక్కసారిగా లాగేసుకుంటాయట. అప్పుడు మాత్రం కాల్షియం ఎక్కించాల్సొచ్చింది. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాతా, విటమిన్ డి గానీ మెగ్నీషియం గానీ బాగా తక్కువున్నవాళ్లకీ, కిడ్నీ జబ్బున్నవాళ్లకీ ఇలా తగ్గే అవకాశముంది.

10.8కి పరుగులు పెట్టక్కర్లేదు గానీ, వాంతులు, మగత, మాట తికమకగా రావడం ఉంటే అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. లేదంటే పాత రిపోర్టులన్నీ, వాడుతున్న ప్రతి మాత్రా సంచిలో వేసుకుని వెళ్లండి. డాక్టరుగారు మూడుసార్లు అడిగితే గానీ మా అమ్మ విటమిన్ డి పొడి ప్యాకెట్ల సంగతి చెప్పలేదు. అవీ మందుల కిందకే వస్తాయని ఆమె అనుకోలేదు.