ఎదురింటి కెమెరా మీ హాలు చూస్తోందా? ముందు వాళ్ళ ఫోన్‌లో ఏం కనబడుతుందో చూపించమనండి

పోలీసులు, కేసులు, అసోసియేషన్ మీటింగ్ అన్నీ తర్వాత. ముందు ఎదురింటివాళ్ళని ఒక్కటే అడగండి: "ఆ కెమెరాలో మా వైపు ఎంతవరకు పడుతోందో ఒకసారి చూపిస్తారా?" కెమెరా తీసేయమని అడగొద్దు. తీసేయమనగానే మాట సెక్యూరిటీ మీదకి పోతుంది, "మా ఇంట్లో దొంగలు పడితే మీరిస్తారా" అంటారు, ఇక అక్కడితో సరి. చూపించమంటే కాదనడం కష్టం, కాదన్నా కూడా ఆ సమాధానమే తర్వాత మీకు పనికొస్తుంది.

మీరు రాసిందాన్ని బట్టి, వాళ్ళు తలుపుకి డోర్‌బెల్ కెమెరా (కాలింగ్ బెల్‌లోనే ఉండే కెమెరా) పెట్టారు, మీ తలుపు తీసినప్పుడల్లా హాలు కనబడుతోందని మీ అనుమానం, అసోసియేషన్ సెక్రటరీ ఏమో "అది మీరూ మీరూ తేల్చుకోవాల్సింది" అంటున్నారు. మేం ఉన్న అపార్ట్‌మెంట్‌లోనూ దాదాపు ఇదే జరిగింది. ఎదురింటాయన మంచివాడే, కారిడార్ సీలింగ్‌కి గుండ్రటి డోమ్ కెమెరా బిగించాడు. మొదట్లో మేం పట్టించుకోలేదు. ఒకరోజు లిఫ్ట్‌లో కలిసినప్పుడు ఆయన మామూలుగా, ఏ దురుద్దేశం లేకుండానే, "రాత్రి మీ బావమరిది వచ్చినట్టున్నాడు, బాగా లేటయినట్టుంది పాపం" అన్నాడు. అంతే, ఇంట్లో టెన్షన్ మొదలైంది. ఎవరు వస్తున్నారు, ఎప్పుడు వస్తున్నారు, చేతిలో ఏముంది, అన్నీ ఒకళ్ళ ఫోన్‌కి నోటిఫికేషన్లుగా వెళ్తున్నాయంటే ఎవరికైనా ఇబ్బందిగానే ఉంటుంది కదా.

అడిగితే ఆయన వెంటనే యాప్ తెరిచి చూపించాడు. మా సోఫా సగం కనబడుతోంది. అది చూసి ఆయనే కంగారుపడ్డాడు. అంతకంటే పెద్ద విషయం, పాత క్లిప్ ఒకటి ప్లే చేస్తే గుమ్మం దగ్గర నిలబడి మేం మాట్లాడుకున్న మాటలు స్పష్టంగా వినబడ్డాయి! ఆడియో ఆన్‌లో ఉందని ఆయనకీ తెలియదు, చాలా కెమెరాల్లో కొన్నప్పటి నుంచే మైక్ ఆన్‌లో ఉంటుంది మరి. కాబట్టి మీరు కూడా బొమ్మ చూసి ఊరుకోకుండా శబ్దం సంగతి తప్పకుండా అడగండి. 2021లో ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు ఇలాంటి ఇరుగుపొరుగు కేసులోనే, ఆ కెమెరాలు వీడియో తీయడం కంటే అంత దూరం నుంచి మాటలు రికార్డు చేయడమే ఎక్కువ అభ్యంతరకరం అని చెప్పింది. నాకూ అదే సబబు అనిపిస్తుంది. కనబడకుండా తలుపు వేసుకోవచ్చు గానీ, కారిడార్‌లో నిలబడి గుసగుసలాడుతూ ఎన్నాళ్ళు బతుకుతాం?

"కెమెరా మీ వైపు తిరిగి లేదు కదా" అంటే నమ్మేయకండి. డోర్‌బెల్ కెమెరాల లెన్స్ వెడల్పుగా చూస్తుంది, 140 డిగ్రీలు, కొన్నింటిలో 180 దాకా. అంటే నేరుగా ఎదురుగా లేకపోయినా ఫ్రేమ్ అంచులో మీ గుమ్మం పడొచ్చు. డోమ్ కెమెరాల్లో అయితే నల్ల గాజు వెనక లెన్స్ ఎటు తిరిగిందో బయటికి తెలియదు, పైగా కొన్నింటిని ఫోన్ నుంచే తిప్పొచ్చు. రాత్రి ఎర్రగా వెలగట్లేదు కాబట్టి ఆఫ్‌లో ఉందనుకోవడం కూడా తప్పే. చీకట్లో చూడడానికి కెమెరాలో ఉండే ఇన్‌ఫ్రారెడ్ లైట్లలో 850 నానోమీటర్ల రకం మసక ఎరుపుగా కనబడుతుంది గానీ, 940 నానోమీటర్ల రకం కంటికి అసలు కనబడదు.

ఇక అసలు మెలిక. చాలామంది "మీ తలుపు జోన్‌లో లేకుండా సెట్ చేశాను" అంటారు. యాక్టివిటీ జోన్, మోషన్ జోన్ అనేవి ఎక్కడ కదలిక ఉంటే అలర్ట్ పంపాలో చెప్పే సెట్టింగులు మాత్రమే. మీ తలుపు జోన్ బయట ఉన్నా, వాళ్ళ గుమ్మం ముందు ఎవరో కదిలి రికార్డింగ్ మొదలైతే ఫ్రేమ్ మొత్తం, మీ హాలుతో సహా, రికార్డు అవుతుంది. మీకు కావాల్సింది ప్రైవసీ మాస్క్ లేదా ప్రైవసీ జోన్. అది పెడితే ఆ భాగం స్క్రీన్ మీద నల్లటి పెట్టెలా మారిపోతుంది, లైవ్‌లోనూ రికార్డింగ్‌లోనూ కనబడదు. ఎదురింటాయనతో మేం చేయించుకుంది అదే: మా గుమ్మం మీద మాస్క్, మైక్ ఆఫ్. ఆ నల్లటి పెట్టె ఉన్న స్క్రీన్‌షాట్ ఒకటి వాట్సాప్‌లో పంపించమని అడిగాం, పంపించాడు. మీరూ అడగండి. ఎందుకంటే కెమెరాని ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే, అంటే కొన్నప్పుడు ఉన్నట్టుగా మార్చేస్తే, ఆ సెట్టింగులన్నీ పోతాయి. కొన్నాళ్ళకి మా దగ్గర సరిగ్గా అదే జరిగింది, కానీ స్క్రీన్‌షాట్ ఉంది కాబట్టి మళ్ళీ గొడవ లేకుండా పెట్టించుకున్నాం. మాస్క్ ఆప్షన్ లేని చవక కెమెరా అయితే డోర్‌బెల్ కింద ఏటవాలుగా ఉండే చిన్న దిమ్మ లాంటిది పెట్టి పక్కకి తిప్పొచ్చు, ఖర్చు పెద్దగా ఉండదు, కావాలంటే మీరే కొనిస్తామనండి.

యాప్ పాస్‌వర్డ్ ఎవరెవరి దగ్గర ఉందో, రికార్డింగులు ఎన్నాళ్ళు ఉంటాయో కూడా మాటల్లో అడిగి తెలుసుకోండి. వాళ్ళు మంచివాళ్ళయినా పాస్‌వర్డ్ మార్చని కెమెరా మంచిది కాదు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) లక్షల కెమెరాలు, రూటర్లలోకి దూరింది కంపెనీ ఇచ్చిన డిఫాల్ట్ పాస్‌వర్డులతోనే.

చట్టం గురించి అడిగారు కాబట్టి క్లుప్తంగా. యూరప్‌లో 2014లోనే అక్కడి న్యాయస్థానం, ఇంటి కెమెరా వీధిని కూడా చూస్తుంటే అది "కేవలం సొంత అవసరం" కిందకి రాదని, అంటే అక్కడి డేటా రక్షణ చట్టం దానికీ వర్తిస్తుందని తేల్చింది. భారత్‌లో 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అంది, 2025లో కలకత్తా హైకోర్టు ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్ళ కేసులో, అక్కడ ఉంటున్న మిగతావారి అనుమతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపడం కుదరదంది. అయితే 2023 డేటా రక్షణ చట్టం వ్యక్తులు సొంత, ఇంటి అవసరాలకి వాడుకునే సమాచారానికి వర్తించదు, కాబట్టి ఆ ఒక్క చట్టాన్నే పట్టుకుని ఎదురింటివాళ్ళని బెదిరించకండి, లాయర్ ఉన్న ఇల్లయితే మీ నోరే మూతపడుతుంది.

అసోసియేషన్ తప్పించుకుంటోంది, అంతే. కారిడార్ అందరిదీ. అక్కడ గోడకో సీలింగ్‌కో ఏదైనా బిగించాలంటే సాధారణంగా అనుమతి కావాలి, బైలాస్‌లో, అంటే అసోసియేషన్ నియమావళిలో, చూడండి. తలుపుకి బిగించిన బెల్ అయితే వాదన కొంచెం బలహీనపడుతుంది, అయినా "కామన్ ఏరియాలో కెమెరాలకి ఒక నియమం పెట్టండి" అని మెయిల్ రాయండి. నోటి మాటకి సెక్రటరీ నవ్వి ఊరుకుంటారు, మెయిల్‌కి జవాబు చెప్పాలి.

కోపంలో టేప్ అంటించడం, లేజర్ కొట్టడం, సిగ్నల్ అడ్డుకునే జామర్లు కొనడం వద్దు. మీరు స్టూలెక్కి టేప్ వేసే సీన్ హెచ్‌డీలో రికార్డయి, చివరికి మీమీదే ఫిర్యాదు వస్తుంది. ఈలోపు గుమ్మం లోపల ఒక కర్టెన్ వేసుకోండి. మనమెందుకు వేసుకోవాలి అనిపిస్తుంది, నాకూ అనిపించింది, కానీ ఈ రాత్రికి పని చేసేది అదొక్కటే.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ మంచి మాటలన్నీ పక్కన పెట్టండి. కెమెరా బెడ్‌రూమ్ కిటికీనో బాత్‌రూమ్ వెంటిలేటర్‌నో చూస్తుంటే, ఎవరినీ చూపించమని అడగక్కర్లేదు. మీ వైపు నుంచి ఫోటోలు తీసుకుని నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్ళండి. భారత్‌లో అయితే ఏకాంతంలో ఉన్న మహిళను అలా చూడడం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం.

కెమెరా మోడల్ పేరు పెట్టె మీదో యాప్‌లోనో ఉంటుంది, తెలిస్తే ఇక్కడ రాయండి, మాస్క్ ఆప్షన్ ఉందో లేదో చూసి చెప్తాను.