గ్రాంటు అయిపోయాక ఏమవుతుందో రాయి

అమ్మాయీ,

ప్రమాదకర రసాయనాలు, వ్యర్థాల మీద నీ వ్యాసం చదివాను. పాత బ్యాటరీలు గొడ్డలితో పగలగొట్టే కుర్రాడి చొక్కాకి యాసిడ్ చిల్లులు పడ్డాయని రాశావు చూడు, అది బాగుంది. తర్వాతి పేజీలోనే "ధనిక దేశాలు నిధులిస్తే తప్ప ఈ సమస్య తీరదు" అని తేల్చేశావు. అక్కడే ఒళ్లు మండింది.

వాళ్లు ఇవ్వొద్దని కాదు. కానీ రసాయనాలు, వ్యర్థాల నిర్వహణకు డబ్బు ఎక్కణ్నుంచి రావాలో చెబుతూ 2013లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం పాలకమండలి ఆమోదించిన పద్ధతిలోనే మూడు దారులున్నాయి: దేశం తన ప్రణాళికలో, బడ్జెట్‌లో చోటివ్వడం, పరిశ్రమ తన వాటా భరించడం, బయటి సాయం. నువ్వు మూడోదే పట్టుకున్నావు. అందరూ అంతే, విదేశీ మీటింగులకు టికెట్లు దానికే వస్తాయి మరి.

బయటి సాయంతో పురుగుమందుల అవశేషాలు కొలిచే యంత్రం వస్తుంది. రిబ్బన్ కత్తిరిస్తారు, ఫొటోలు దిగుతారు. ప్రాజెక్టు ముగిశాక దానికి గ్యాస్ సిలిండర్ ఎవరు కొనాలి? విడిభాగాలు? నడిపే మనిషి జీతం? బడ్జెట్‌లో ఆ పద్దు లేకపోతే యంత్రం మీద గుడ్డ కప్పేస్తారు. ఆ పద్దు ఉందో లేదో వెతకడం నీ పని. వయసులో ఉన్నప్పుడు నేనిలాంటిదే రాస్తే ఒక సంపాదకుడు అంకెలన్నీ కొట్టేసి, చెత్తకుప్ప మీద పిల్లాడి ఫొటో వేశాడు. "పద్దులు ఎవరు చదువుతారండీ" అన్నాడు. ఇప్పటికీ అదే ఫొటో వేస్తున్నారు, పిల్లాడు మారాడంతే.

సరే, నీ కుర్రాడి సంగతి. యాసిడ్ కాలువలో పారబోయిస్తాడు కాబట్టి అతని యజమానికి శుద్ధి ఖర్చు లేదు, పాత బ్యాటరీకి ఎక్కువ ధర పెడతాడు. యాసిడ్‌ను శుద్ధి చేసే ఫ్యాక్టరీ అంత ధర పెట్టలేకపోతుంది, దానికి సరుకే దొరకదు. ఆ తేడా కొత్త బ్యాటరీ తయారుచేసేవాడో దిగుమతి చేసేవాడో కట్టాలి. రేవులో దిగేటప్పుడే వసూలు చేయడం తేలిక. ఘనా 2016లో ఎలక్ట్రానిక్ సరుకు మీద ఇలాంటి రుసుముకే చట్టం చేసి, విడిగా ఒక నిధి కూడా పెట్టింది. ఆ "విడిగా" అన్నదే ప్రాణం. దక్షిణాఫ్రికా 2003లో ప్లాస్టిక్ సంచుల మీద సుంకం వేస్తే డబ్బు ఖజానాకే చేరింది, రీసైక్లింగ్‌కి దక్కింది కొంతే. ఖజానాలో పడ్డ సుంకం ఏట్లో కలిసిన కాలువ నీళ్లు, మళ్లీ వేరు చేసి తోడలేం.

రెండో సగం కొట్టేయ్. ఆ యజమాని పాత బ్యాటరీకి ఎంతిస్తున్నాడు, ఫ్యాక్టరీ ఎంతిస్తోంది, కనుక్కుని మళ్లీ పంపు. కలం పేరు సంగతి తర్వాత చూద్దాం.