కంప్యూటర్ సందేహాలు: మ్యాక్ కొనకుండా మ్యాక్ఓఎస్ వాడొచ్చా?

ప్రశ్న: మేడమ్, మాది ప్రొద్దుటూరు. పోయిన ఏడాది బీటెక్ అయిపోయింది. ఇక్కడి నగల షాపు ఒకదానికి ఆండ్రాయిడ్ యాప్ చేసిచ్చాను. రోజూ బంగారం రేటు, నెలనెలా చీటీ కట్టే కస్టమర్ల లెక్క అందులో కనిపిస్తాయి. ఇప్పుడు ఐఫోన్‌కు కూడా కావాలంటున్నారు. నాది విండోస్ ల్యాప్‌టాప్, 16 జీబీ ర్యామ్. నా క్లాస్‌మేట్ ఒక హార్డ్‌డిస్క్ ఇచ్చాడు. అందులో యాపిల్ కంప్యూటర్లను నడిపే మ్యాక్ఓఎస్ పాత వెర్షన్ కాటలీనాతో ఒక వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌గా నడిచే ఇంకో కంప్యూటర్), దాన్ని నడిపే వీఎంవేర్ ప్రోగ్రామ్ కోసం అన్‌లాకర్ ఉన్నాయి. మ్యాక్ఓఎస్ ఉచితమే కదా, వర్చువల్ మెషీన్‌లో వాడితే ఏ ఇబ్బందీ లేదంటున్నాడు. నిజమేనా? మా నాన్నది టైలర్ షాపు. లక్ష రూపాయలు పెట్టి మ్యాక్‌బుక్ కొనలేము. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ఆ హార్డ్‌డిస్క్‌ను మీ ల్యాప్‌టాప్‌కు తగిలించకండమ్మా. మీ పని ఆగకుండా వేరే దారి చెబుతాను. దానికి ముందు మీ స్నేహితుడు చెప్పిన రెండు మాటల సంగతి చూద్దాం.

మొదటిది, ఉచితం అన్న మాట. 2013లో మావరిక్స్ వెర్షన్ వచ్చినప్పటి నుంచి మ్యాక్ఓఎస్‌కు విడిగా డబ్బు తీసుకోవడం లేదు, నిజమే. మ్యాక్ కొన్నవాళ్లు ఆ ధరలోనే దానికీ కట్టేశారు. మన రాష్ట్రంలో 2004 నుంచి పొలం మోటారుకు కరెంటు ఉచితం. ఆ లైను నుంచి వైరు లాగి నూనె మిల్లు ఆడిస్తే ఎవరూ ఒప్పుకోరు. ఆ ఉచితం మోటారుకు ఇచ్చారు, మిల్లుకు ఇవ్వలేదు. మ్యాక్ఓఎస్ ఉచితం కూడా యాపిల్ కంప్యూటర్‌కు ఇచ్చిందే.

రెండోది, వర్చువల్ మెషీన్ అయితే పరవాలేదన్న మాట. చాలామంది పొరపడేది ఇక్కడే. లైసెన్స్‌లో వర్చువల్ మెషీన్‌కు అనుమతి ఉంది. మ్యాక్ ఉన్నవాళ్లు దాని మీద వర్చువల్‌గా ఇంకో రెండు కాపీలు నడుపుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ తయారీకి, ఆ తయారీలో పరీక్షలకు, మ్యాక్ఓఎస్ సర్వర్ కోసం, వ్యాపారం కాని సొంత పనులకు అని ఎందుకు వాడుకోవచ్చో కూడా రాశారు. 2011లో లయన్ వెర్షన్‌తో వచ్చిన వీలు ఇది. అయితే కింద ఉన్న కంప్యూటర్ యాపిల్‌ది అయి తీరాలి. వేరే కంపెనీ కంప్యూటర్ మీద ఎక్కించకూడదు, ఎక్కించడానికి ఇంకొకరికి సాయం చేయకూడదు అని స్పష్టంగా ఉంది. అంటే ఆ హార్డ్‌డిస్క్ ఇవ్వడంలో మీ స్నేహితుడిది కూడా తప్పే. వర్చువల్ మెషీన్ అనేది మధ్యలో వేసిన పరుపు లాంటిది. లైసెన్స్ చూసేది కింద ఉన్న మంచాన్ని.

అన్‌లాకర్ చేసే పనేమిటో తెలిస్తే మీకే మనసొప్పదు. 2006లో మ్యాక్‌లు ఇంటెల్ చిప్‌లకు మారాక, ఫ్యాన్లు, వేడి చూసుకునే చిన్న చిప్‌లో యాపిల్ వాళ్లు 64 అక్షరాల వాక్యం ఒకటి దాచారు. మ్యాక్ఓఎస్ మొదలయ్యేటప్పుడు ఆ వాక్యం దొరికితేనే ముందుకు సాగుతుంది. ఇంగ్లీషులో ఉన్న ఆ వాక్యానికి మన భాషలో అర్థం చెప్పుకోవాలంటే, 'మా కష్టానికి ఈ మాటలే కాపలా, దయచేసి దొంగిలించవద్దు' అని. అన్‌లాకర్ వీఎంవేర్ ఫైళ్లను మార్చి, మ్యాక్ఓఎస్‌ను అడ్డుకునే తనిఖీని తీసేసి, అది మ్యాక్ మీదే ఉన్నట్టు నమ్మిస్తుంది. రేపు మీ యాప్‌ను ఎవరైనా అలాగే తెరిచి, పేరు మార్చి ఇంకో షాపుకు అమ్మితే మీకెలా ఉంటుంది? మీరు కూడా ఇప్పుడు సాఫ్ట్‌వేర్ రాసి బతకబోయే మనిషి. అందుకే ఈ విషయం మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

కోర్టు దాకా వెళ్లిన కథ కూడా ఉంది. 2008లో అమెరికాలో ఫ్లోరిడాకు చెందిన సైస్టార్ అనే కంపెనీ మామూలు కంప్యూటర్ల మీద మ్యాక్ఓఎస్ ఎక్కించి అమ్మింది. మేము కాపీలు డబ్బిచ్చి కొన్నాం కదా అని వాదించింది. 2009 నవంబరులో తీర్పు యాపిల్‌కు అనుకూలంగా వచ్చింది, 2011లో పై కోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. డబ్బిచ్చి కొన్నవాళ్ల వాదనే నిలవలేదు. మన దగ్గర 1957 కాపీరైట్ చట్టంలో 63బి సెక్షన్ ఉంది. అనుమతి లేని సాఫ్ట్‌వేర్ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభం కోసమో వ్యాపారంలోనో కాకపోతే, తగిన కారణం ఉంటే జైలు లేకుండా జరిమానాతో వదిలేయడానికి కోర్టుకు వీలుంది. మీరు చేసేది డబ్బు తీసుకుని చేసే పని కాబట్టి ఆ వెసులుబాటు మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇంకో మాట చెప్పాలి, ఇది నా అనుభవం. 2017లో కడపలో, ఏడు రోడ్ల దగ్గర నేను కోచింగ్ చెప్పే రోజుల్లో, ఒక అబ్బాయికి ఇలాంటి రెడీమేడ్ మ్యాక్ వర్చువల్ మెషీన్‌ను నేనే ఎక్కించి ఇచ్చాను. ఎవరు తయారుచేశారో, లోపల ఏం పెట్టారో చూడలేదు. అతను అందులోనే మెయిల్ తెరిచాడు. మూడో వారానికి పాస్‌వర్డ్ మారిపోయింది, మెయిల్ చేతికి రాలేదు. ఉద్యోగం ఆఫర్ లెటర్ రావాల్సింది ఆ మెయిల్‌కే. వాళ్లమ్మ మా ఇంటికొచ్చి, 'మేడమ్ ఇచ్చారు కాబట్టే వాడాడు' అంది. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. మీ దగ్గరైతే నగల షాపు కస్టమర్ల ఫోన్ నంబర్లు, చీటీ లెక్కలు ఉంటాయి. అవి పోతే ప్రొద్దుటూరు లాంటి ఊళ్లో మీ పేరు తిరిగి నిలబడటం ఎంత కష్టమో నేను చెప్పక్కర్లేదు.

ఇవన్నీ పక్కన పెట్టినా, ఆ కాటలీనాతో మీ పని కాదు. ఐఫోన్ యాప్‌లు తయారుచేసే యాపిల్ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌కోడ్‌లో, దాని మీద ఎక్కే చివరి వెర్షన్ 12.4. ఎక్స్‌కోడ్ 16 కంటే పాత వెర్షన్లతో తయారుచేసిన యాప్‌లను యాప్ స్టోర్ 2025 ఏప్రిల్ 24 నుంచే తీసుకోవడం ఆపేసింది. ఎక్స్‌కోడ్ 16కు మ్యాక్ఓఎస్ 14.5 కావాలి. నెల రోజులు కష్టపడి యాప్ తయారుచేసినా పైకి ఎక్కించలేరు. పైగా మ్యాక్ఓఎస్ 26 తర్వాత ఇంటెల్ చిప్‌లకు కొత్త వెర్షన్లు రావని యాపిల్ చెప్పేసింది. కాబట్టి మీ ల్యాప్‌టాప్ లాంటి వాటి మీద ఈ పద్ధతికి భవిష్యత్తు కూడా లేదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఆండ్రాయిడ్ యాప్‌ను ఫ్లట్టర్‌లో (ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటికీ యాప్ చేసే టూల్) రాసి ఉంటే ఐఫోన్ కోసం కోడ్ చాలావరకు మీ విండోస్‌లోనే రాసుకోవచ్చు. చివర్లో బిల్డ్ చేసి (కోడ్‌ను యాప్‌గా మార్చి) పంపడానికి మాత్రమే మ్యాక్ కావాలి. దానికి ఇంటర్నెట్‌లో అసలు మ్యాక్‌నే అద్దెకిచ్చే సర్వీసులున్నాయి. అద్దె ఒక్కోసారి కనీసం వరుసగా 24 గంటలు ఉండాలని యాపిల్ లైసెన్స్‌లో షరతు ఉంది కాబట్టి గంట లెక్కన దొరకలేదని కంగారుపడొద్దు. పని అంతా సిద్ధం చేసుకుని, ఆ ఒకటి రెండు రోజులకు అద్దెకు తీసుకోండి.

ఇలాంటి పనులు ఇంకా వస్తాయనుకుంటే మ్యాక్‌బుక్ అక్కర్లేదు, మ్యాక్ మినీ చాలు. 2024 చివర్లో ఎం4 మ్యాక్ మినీ మన దేశంలో 59,900 రూపాయలకు వచ్చింది, విద్యార్థులకు 49,900. ర్యామ్ 16 జీబీ నుంచి మొదలు. ఇంట్లో ఉన్న మానిటర్, కీబోర్డు తగిలించుకోవచ్చు. మీ విండోస్ ల్యాప్‌టాప్ ఎలాగూ ఉంది.

ఖర్చు విషయం షాపు యజమానితో మొహమాటం లేకుండా మాట్లాడండి. యాపిల్ డెవలపర్ అకౌంట్‌కు ఏడాదికి 99 డాలర్లు. దాన్ని వాళ్ల పేరుతోనే తీయించి, వాళ్ల చేతే కట్టించండి. మ్యాక్ అద్దెను కూడా మీ కొటేషన్‌లో విడిగా రాయండి. నగ చేసేవాళ్లు బంగారం ఖర్చు వేరు, మజూరీ వేరు అని లెక్క కడతారు కదా, వాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది.

ప్రశ్న: అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర డీటీపీ సెంటర్ నాది. పాత విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్‌లో పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు పెట్టుకుని పెళ్లి కార్డులు చేస్తున్నాను. మదర్‌బోర్డు పోయింది. కొత్త విండోస్ 11 సిస్టమ్‌లో, వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్ వేసి అందులో పాత ఎక్స్‌పీ ఎక్కించుకోవచ్చా?
– ఒక డీటీపీ ఆపరేటర్, అనంతపురం

జవాబు: పాత క్యాబినెట్‌కు ఎక్స్‌పీ స్టిక్కర్ అంటించి ఉంటే అది ఆ సిస్టమ్‌తో కలిపి అమ్మిన లైసెన్స్. ఆ సిస్టమ్‌తోనే దాని కథ ముగిసింది, వర్చువల్ మెషీన్‌కు పనికిరాదు. విడిగా డబ్బాలో కొన్న రిటైల్ కాపీ అయితే పాత సిస్టమ్ నుంచి తీసేసి కొత్త దానికి మార్చుకోవచ్చు. వర్చువల్ మెషీన్ కూడా లెక్కకు ఒక సిస్టమే. పేజ్‌మేకర్‌కు, అను ఫాంట్లకు విడివిడిగా లైసెన్స్ ఉంటుంది, బిల్లులు తీసి చూడండి.

వర్చువల్‌బాక్స్ అసలు ప్యాకేజీ ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన ఉచిత సాఫ్ట్‌వేర్), షాపులో నిశ్చింతగా వాడొచ్చు. దానితోపాటు దొరికే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ మాత్రం సొంత వాడకానికి, చదువుకే ఉచితం, వ్యాపారానికి లైసెన్స్ కొనాలి. యూఎస్‌బీ 2, 3 పనిచేయాలంటే ఆ ప్యాక్ ఉండాల్సిందేనని కొందరు చెబుతారు. 2022లో 7.0 వెర్షన్ వచ్చాక అవి అసలు ప్యాకేజీలోకే వచ్చేశాయి. కాబట్టి ఆ ఎక్స్‌టెన్షన్ ప్యాక్‌ను వేయకండి.

ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. అందుకే వర్చువల్ మెషీన్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఆపేసి, ఫైళ్లను షేర్డ్ ఫోల్డర్ ద్వారా పంపుకోండి. రిటైల్ కాపీ లేకపోతే పాత ఎక్స్‌పీ కోసం ఎక్కడా వెతక్కండి. మీ కార్డుల మ్యాటర్‌ను కొద్దికొద్దిగా యూనికోడ్‌లోకి (ఏ కొత్త సిస్టమ్‌లోనైనా కనిపించే అక్షరాల పద్ధతి) మార్చుకుంటూ రండి. మొదట తరచూ వాడే పది, ఇరవై మోడల్స్ మారిస్తే చాలు. మిగతావాటిలో మారేవి పేర్లు, ముహూర్తాలే కదా.

అన్నిటికంటే ముందు ఆ పాత హార్డ్‌డిస్క్ బయటికి తీసి, అడాప్టర్‌తో కొత్త సిస్టమ్‌కు తగిలించి ఫైళ్లన్నీ కాపీ చేసుకోండి. పోయింది మదర్‌బోర్డే కాబట్టి ఫైళ్లు ఉండే అవకాశమే ఎక్కువ. వెడల్పు పట్టీ వైరు డిస్క్ అయితే ఐడీఈ అడాప్టర్ అని అడగండి, సన్న వైరుదైతే సాటా.