జీవన ప్రమాణానికి ‘రెట్లు’ వాడొచ్చా?

సందేహం: ‘అమెరికా వాళ్ల జీవన ప్రమాణం మనకంటే 33 రెట్లు ఎక్కువ’ అని ఒక వార్తలో, ‘మనది ఎనిమిది రెట్లు తక్కువ’ అని ఇంకో వార్తలో చదివాను. జీవన ప్రమాణానికి రెట్లు వాడొచ్చా? ‘రెట్లు తక్కువ’ అనడం సరైనదేనా?

సమాధానం: రెండూ సరికావండీ. ముందు చిన్నది తేల్చేద్దాం. రెట్టింపు, రెట్టించిన ఉత్సాహం అంటాం కదా, రెట్లు అనే మాట పెరిగేదానికే నప్పుతుంది. తగ్గేచోట ‘ఎనిమిదో వంతు’ అనండి, హాయిగా ఉంటుంది.

అసలు చిక్కు జీవన ప్రమాణం దగ్గరుంది. ఆ 33, ఆ 8 రెండూ తలసరి ఆదాయం లెక్కలు. 2023లో అమెరికా తలసరి జీడీపీ (దేశంలో ఏడాది ఉత్పత్తి విలువను జనాభాకు పంచితే వచ్చేది, వార్తల్లో దీన్నే తలసరి ఆదాయం అంటుంటారు) సుమారు 82 వేల డాలర్లు, మనది మారకం రేటు ప్రకారం రెండున్నర వేలు, అంటే 33 రెట్ల తేడా. కానీ అప్పట్లో డాలరు విలువ చేసే 83 రూపాయలతో మన ఊళ్లో టిఫిన్ సెంటర్‌కి వెళ్తే ప్లేటు ఇడ్లీ తిని టీ కూడా తాగి రావచ్చు, అక్కడ ఒక్క డాలరుతో హోటల్లో కాఫీ కూడా రాదు. ఇలా ధరల తేడాను సరిచేసి చూసేదే కొనుగోలు శక్తి లెక్క. అక్కడ డాలరుకు వచ్చే సరుకు మన దగ్గర దాదాపు 20 రూపాయలకే వస్తుందని అందులో లెక్కేస్తారు కాబట్టి మన ఆదాయం పది వేల డాలర్లు దాటుతుంది, తేడా ఎనిమిది రెట్లకు దిగుతుంది. కాబట్టి ఏ లెక్కో చెప్పకుండా రెట్లు రాస్తే పాఠకుణ్ని తప్పుదారి పట్టించినట్టే.

జీవన ప్రమాణం అంటే డబ్బొక్కటే కాదు. తాగునీరు, వైద్యం, చదువు, ఎన్నేళ్లు బతుకుతాం, అన్నీ అందులోవే. అందుకే 1990 నుంచి ఐక్యరాజ్యసమితి వాళ్ల మానవాభివృద్ధి సూచికలో ఆదాయంతో పాటు ఆయుర్దాయం, చదువు కూడా లెక్కలోకి వస్తున్నాయి. శ్రీలంకనే చూడండి, తలసరి ఆదాయం మారకం రేటున అమెరికాలో ఇరవయ్యో వంతు, ఆయుర్దాయం మాత్రం 77 ఏళ్లు, అమెరికాకు ఏడాది రెండేళ్లే వెనక! దీన్ని ఏ రెట్లలో చెబుతాం? ‘జీవన ప్రమాణాలు మెరుగ్గా ఉన్నాయి’ అనండి, ఆదాయానికైతే ‘కొనుగోలు శక్తి లెక్కన ఎనిమిది రెట్లు’ అని రాయండి.

ఇంకో మాట. తలసరి ఆదాయం చెప్పేటప్పుడు ‘ప్రతి ఒక్కరూ ఇంత సంపాదిస్తున్నారు’ అని కూడా రాసేస్తున్నారు. చంటిపిల్లల దగ్గర్నుంచి కోటీశ్వరుల దాకా అందరినీ కలిపి పంచిన లెక్క అది, అక్కడ ‘సగటున’ అనే మాట తప్పకుండా ఉండాలి.